నురగ లేని చెంఘీ

ఇబెమ్హల్ చెంఘీని గుడ్డలో వడగడుతోంది. బియ్యం కడిగిన నీళ్లలో పంపరపనస ఆకులు వేసి కాచిన తలంటు నీళ్లవి. పెళ్లయిన నాటి నుంచీ ఇంఫాల్ సంతలో ఆమె అమ్మేది అవే. ఉన్నట్టుండి గుడ్డ మీద తెల్లటి నురగ పొంగింది. వాసన చూసింది. షాంపూ!

"మెమ్చా! ఇందులో ఏం కలిపావే?"

చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయింది. "నురగ రావట్లేదని కాలేజీ పిల్లలు కొనట్లేదు కదక్కా. ఒక్క మూతే పోశాను."

"పెద్దావిడ, తోంబీ ఇమా నెత్తి పుండ్లు పడింది దేనితోనే? షాంపూతో కాదూ? అది మానేసి మనల్ని నమ్ముకుని వస్తే, మళ్లీ అదే పోస్తావా? అంత నురగ కావాలంటే నీ మొహం సబ్బునీళ్లలో ముంచుకో!"

"అరవకక్కా, ఆవిడ వాకిట్లోనే కూర్చుంది."

"విననీ!"

కుండ మొత్తం పెరట్లో కుమ్మరించి, బూడిదతో తోమింది. రాత్రి వంటకు తీసిన బియ్యం అప్పుడే కడిగింది. దుమ్ము తేలే మొదటి కడుగు పారబోసి, రెండో కడుగును కొత్త ఆకులతో పొయ్యి మీద పెట్టింది.

"నీ పెరట్లో గడ్డికి ఇక జడలేయాలే," అంది వాకిట్లోంచి తోంబీ ఇమా.

ఇబెమ్హల్ నవ్వలేదు. గోరువెచ్చగా చల్లారాక వడగట్టింది. సీసా ఊపి, నురగ రాలేదని చూసుకుని ముసలామె చేతిలో పెట్టింది.