నాగమ్మక్క ఒప్పుకోని తప్పు

2015లో మా వకీలు ఆఫీసు కోయంబత్తూరు కోర్టు వెనక సందులో, ఒక జిరాక్సు కొట్టు పైన ఉండేది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరేవి, ఆపితే మేం ఉడికిపోయేవాళ్లం. ఆ ఇరుకు గది తలచుకుంటే నాకిప్పటికీ బెంగగా ఉంటుంది. ఒక ఉదయం కారమడై నుంచి నాగమ్మక్క వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మణీ, నువ్వు మన మాట మాట్లాడతావంట, నిజమేనా?"

"ఆమాక్కా. లోపలికి రా."

నా చదువంతా తమిళం, ఇంగ్లీషు. తెలుగు మా ఇంట్లో వండుకోవడానికీ తిట్టుకోవడానికీ మాత్రమే. కోర్టు సందులో ఆ మాట వినబడితే మా అవ్వ పిలిచినట్టుండేది. అయినా భాష ఒక్కటే చూసి వకీలును పెట్టుకోకూడదని నాగమ్మక్కకు చెప్పాను.

"గెలిపిస్తానని మాటిచ్చేవాడి దగ్గరికి పోవద్దక్కా. ఏం జరిగిందని ముందు అడిగేవాడి దగ్గరికి పో."

"అయితే అడుగు," అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆమె సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. వీధి కొళాయి దగ్గర ఆమె తోడికోడలూ, ఆ వీధికి కొత్తగా వచ్చిన సెల్వి అనే తమిళావిడా ఒకే బిందె పట్టుకుని లాగారు. పాచి మీద సెల్వి జారిపడింది, మణికట్టు విరిగింది. కేకలు విని ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆమెను లేపింది నాగమ్మక్కే. తర్వాత ఆకూ వక్కా తెచ్చి, వీధి అందరి ముందూ "తప్పు నాదే" అని తమిళంలో చెప్పింది.

నాగమ్మక్క వాళ్ల ఇళ్లలో అది ఆనవాయితీ. తప్పు ఎవరిదైనా ఇంటి పెద్దకోడలు దాన్ని తన నెత్తిన వేసుకుంటుంది. అవతలివాళ్లు ఆకు అందుకుంటే గొడవ అక్కడితో సరి. ఆమే చేసిందని ఎవరూ అనుకోరు. సెల్వి వాళ్లకు ఇదేం తెలుసు? ఆకు తీసుకోలేదు సరికదా, నాగమ్మక్కే తోసిందని కేసు పెట్టారు. ఈవిడ స్టేషన్‌లోనూ అదే మాట చెప్పి వచ్చింది!

"బెయిల్ ఇచ్చేసినారు గదా, కేసు పోయినట్టే గదా?"

"లేదక్కా. బెయిల్ అంటే కేసు తేలేదాకా బయట ఉండనివ్వడం, అంతే."

"స్టేషన్లో ఒప్పుకుంటినే, ఇంక ఏం చేసేది?"

"పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యంగా నిలవదు. జడ్జి ముందు ఒప్పుకుంటే నిలుస్తాది."

ఎవరో ఆమెకు 'ప్లీడ్ గిల్టీ' సలహా ఇచ్చారు. అంటే, నేరం ఒప్పేసుకుని జరిమానా కట్టడం. ఒక్కరోజులో వదిలిపోతుందన్నారట. అది కొరివితో తల గోక్కోవడమే. శిక్ష చిన్నదైనా నేరస్థురాలన్న ముద్ర ఉంటుంది, బడిలో ఉద్యోగం దక్కడం కష్టమని చెప్పాను.

ఆ మాట వినగానే ఆమె ముఖం వాడిపోయింది. "ఆ గరిటె లేకుంటే నేనెవురు అమ్మణీ? కానీ లేదనేదానికి నోరు రాదే. పెద్దకోడలే లేదనేస్తే ఆ పగ అట్నే నిలిచిపోదా?"

"జరిగింది జరిగినట్టు చెప్పక్కా," అన్నాను.

ఛార్జి చదివే రోజు వచ్చింది. ఛార్జి అంటే ఏ నేరం మోపారో జడ్జి చదివి, ఒప్పుకుంటావా అని అడగడం. సెల్వి వెనక బెంచీలో కూర్చుని ఉంది. జడ్జి అడిగారు. నాగమ్మక్క ముందు సెల్వి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"నేను తోయలేదు సామీ," అంది తమిళంలో. కళ్ల నీళ్లు పెట్టుకుంది.

బయటికి రాగానే సెల్వి నన్ను నిలదీసింది: "మరి ఆరోజు తన తప్పేనని ఎందుకు చెప్పింది?" కేసు పెట్టినవాళ్లతో వకీలు చాటుగా మాట్లాడకూడదు. అందుకని సర్కారు వకీలును పిలిచి, ఆయన ఎదుటే ఆ ఆనవాయితీ గురించి చెప్పాను. "నన్ను లేపింది ఈమే. తోసినామె లేపుతుందా అని నాకూ అనిపించింది," అంది సెల్వి.

తర్వాతి వాయిదాకు సెల్వి తనంతట తానే 'కాంపౌండింగ్' అడిగింది. దెబ్బ తిన్నవాళ్లు కోర్టు ద్వారా రాజీ పడటమన్నమాట. అన్ని కేసుల్లో కుదరదు. కుదిరిన చోట మాత్రం నిర్దోషిగా వదిలినట్టే లెక్క. జడ్జి ఒప్పుకున్నారు. నాగమ్మక్క గరిటె నాగమ్మక్కకే మిగిలింది.

కోర్టు మెట్లు దిగుతూ ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మణీ, ఇప్పుడు చెప్పొచ్చునా?"

"ఇంక నీ ఇష్టమక్కా."

కొంగు ముడిలోంచి ఆకూ వక్కా తీసి, సెల్వి ముందు వంగి చాపింది. "తప్పు నాదే, తంగచ్చీ," అంది, చెల్లెలిని పిలిచినట్టు. సెల్వి ఎముక అతుక్కున్న ఆ చేత్తోనే అందుకుంది.

వకీలు దగ్గర నిజం దాచకూడదంటారు. నాగమ్మక్క ఏదీ దాచలేదు. ఆమె మాటకు ఆమె వీధిలో ఒక అర్థం, కోర్టులో ఇంకో అర్థం, అంతే. అందుకే ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్లను ఏం జరిగిందని అడిగాక, ఇంకో మాట కూడా అడుగుతాను: "మీ ఇళ్లలో గొడవైతే ముందు ఎవరు ఏమంటారు?"