అత్తను తుడిచేసిన కోడలు

అత్తతో పడక వేరు కాపురం పెట్టిన కోడళ్లను మీరు చూసే ఉంటారు. అత్తను మాటలతో సాధించిన కోడళ్లనూ చూసే ఉంటారు. కానీ తను కాపురానికి వచ్చేనాటికే కాలం చేసిన అత్తను, ఫోటోలో తప్ప ఎన్నడూ చూడని అత్తను, వాడకట్టు వాళ్లందర్నీ పిలిచి, చాపలు పరిచి, బొరుగులు పంచి మరీ ఇంట్లోంచి మాయం చేసిన కోడల్ని చూసి ఉండరు. ఆ ఘనత నాది. వివరంగా చెబుతాను, తిట్టుకోవడం ఆఖర్లో పెట్టుకోండి.

పెళ్లికి ముందు నేను వనపర్తిలో ఒక టీవీల షాపులో పని చేశాను. స్పీకర్ల వైపంతా నాదే. కొనడానికి వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగు దిక్కులా స్పీకర్లు పెట్టి, వాళ్ల నెత్తిమీద హెలికాప్టర్ తిరిగేట్టు చేసేదాన్ని. కొన్నాళ్లు ఆ పని చేసేసరికి, శబ్దం గురించి లోకంలో నాకు తెలియనిది ఇక ఏమీ మిగల్లేదని నిర్ణయించుకున్నాను. గద్వాలకు కోడలిగా వచ్చిన రోజు ఆటోలోంచి నాకన్నా ముందు దిగింది నా హోమ్ థియేటరే. హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ పక్కింటి గౌరక్కకు కాసేపు ఎవరికి హారతివ్వాలో అర్థం కాలేదట.

మా మామ చీరలు నేస్తాడు. ముందు గదిలో గుంట తవ్వి వేసిన మగ్గం, వెనక గదుల్లో మేం. పొద్దున ఆ మగ్గం చప్పుడుతో లేస్తాం, చీకటిపడి అది ఆగితే వంట సంగతి గుర్తొస్తుంది. ఒక్క అమావాస్యనాడు మాత్రం మగ్గం ముట్టరు. నేతవాళ్ల ఇళ్లల్లో ఆ రోజు సెలవు. ఆ సెలవునాడు మామ తల స్నానం చేసి, తెల్ల ధోవతి కట్టి, పాత వీసీడీ ప్లేయర్ ముందు కూర్చుని ఒక సినిమా పెట్టుకునేవాడు. ప్రతి అమావాస్యకూ అదే సినిమా.

పేరు చెప్పను. మా చిన్నప్పటికే పాతబడ్డ సినిమా. బొమ్మ సంగతి అలా ఉంచండి, శబ్దం వింటే నా ప్రాణం విలవిల్లాడేది. పాటల వెనక నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట. హీరో ఎప్పుడు మాట్లాడినా బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుండేది. అన్నిటికన్నా ఘోరం, హీరోయిన్ చెరువుగట్టు మీద నిలబడి ఏడ్చే సీను. శ్రీరంగాపూర్ చెరువు దగ్గర తీశారు దాన్ని. ఆమె గుండె పగిలేలా ఏడుస్తుంటే వెనక ఎక్కడినుంచో ఒక ఆడగొంతు ఖంగుమని అరుస్తుంది: "ఏమయ్యో, జర పక్కకు జరుగు! గా పిల్ల ఏడ్సేది కనవడ్తలేదు!"

మొదటిసారి విన్నప్పుడు పడీ పడీ నవ్వాను.

"ఏంది మామా ఇది? ఎవరో ఆమె నడుమల అరుస్తున్నది. ఇంత పెద్ద సినిమా తీసిండ్రు, గా చప్పుడు తీసేసుడు తెల్వదా వాళ్లకు?"

మామ కళ్లు మూసుకునే ఉన్నాడు. చిన్నగా నవ్వాడు. "ఉండనీ బిడ్డా. మనకేం అడ్డమొచ్చింది?"

అప్పుడు ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే మీకు ఈ కథ చెప్పే పని తప్పేది. కానీ నేను స్పీకర్లమ్మిన మనిషిని. నా దగ్గర ప్రశ్నలుండవు, సలహాలే ఉంటాయి. మామ ఎప్పుడు చూసినా ఆ సీనులో కళ్లు మూసుకుంటాడని గమనించాను. శబ్దం బాగాలేక నిద్రపోతున్నాడని తేల్చేశాను. ఆ అరుపు దాటగానే లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చేవాడు. అది విసుగని తేల్చేశాను.

పాపం, ఇంత ముసలాయన ఇంత గరగర భరించాలా అనుకుని, ఎవరికీ చెప్పకుండా ఫోన్లో వెతికాను. దొరికింది. అదే సినిమా కొత్త డిస్కు. డబ్బా మీద బంగారు అక్షరాలు: పాత చప్పుళ్లన్నీ తొలగించి, శబ్దమంతా సరికొత్తగా తీర్చిదిద్దినది. నాకోసమే రాసినట్టనిపించింది. తెప్పించి, దాన్ని పాడే కొత్త ప్లేయర్ కూడా తెప్పించి బీరువాలో దాచాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాన్‌గల్ నుంచి మా తమ్ముడు శీను వచ్చాడు. వాడు అక్కడ పొలం చేస్తాడు.

"అక్కా, పాత సీడీలుంటే ఇయ్యి. పొద్దుతిరుగుడు పువ్వు మీద చిలకలు ఆగుతలేవు. దారాలు గట్టి ఏలాడేస్తే ఎండకు తళతళ మెరుస్తయి, బెదిరి పోతయి."

ఇల్లంతా గాలించి ఒక సంచీ నింపాను. మామ సినిమా సీడీలు రెండూ అందులోనే వేశాను. కొత్తది వచ్చాక పాతది ఎందుకు? పైగా ఆ అరుపు విని చిలకలు పారిపోతాయేమో అని జోకు కూడా వేశాను. శీను నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇంకా శిక్ష అనుభవిస్తున్నాను.

అమావాస్య వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గౌరక్కను, ఎదురింటివాళ్లను, ఇంకా ఎవరు కనిపిస్తే వాళ్లను పిలిచాను. మామను నడిమధ్య కూర్చోబెట్టాను. మా ఆయన అప్పుడే బజారునుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మామా, ఇయ్యాల నీకు కొత్త సినిమా. అంటే పాతదే, కానీ కొత్తది. ఇండ్ల చిన్న చప్పుడు గూడ ఉండదు, సూడు!"

మొదలైంది. నిజం చెప్పాలంటే అదిరిపోయింది. పాటలకు కొత్తగా వాయిద్యాలు చేర్చారు. గుర్రాలు వెనకనుంచి వస్తే ఎదురింటాయన తిరిగి చూశాడు. వాన మొదలయ్యేసరికి గౌరక్క లేచి నిలబడింది. ఆమెది రాయచూరు వైపు పుట్టిల్లు, కంగారు పడితే కన్నడం వస్తుంది. "అయ్యో, మళె! బట్టలు ఆరేసినానే!" అని బయటికి పరుగెత్తి, మండే ఎండలో నిలబడి, తిరిగొచ్చి నన్ను కొరకొరా చూసింది. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

చెరువుగట్టు సీను వచ్చింది. మామ అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. హీరోయిన్ ఏడ్చింది. ఎంత శుభ్రంగా ఏడ్చిందని! ఎడమ స్పీకర్లో చెరువు అలలు, కుడి స్పీకర్లో కొంగలు, నడుమ కొత్తగా చేర్చిన వీణ. ఏడుపు అయిపోయింది. పడవ వెళ్లిపోయింది. తరువాతి సీనులో విలన్ కాఫీ తాగుతున్నాడు.

మామ కళ్లు తెరిచాడు. టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఏది బిడ్డా?"

"ఏది మామా?"

"మీ అత్త ఏది?"

ఎండదెబ్బేమో అనుకున్నాను. గోడ వైపు చూపించాను. "అగో, ఫోటో ఆడ్నే ఉన్నది గద మామా."

ఎవరూ నవ్వలేదు. నవ్వించే మాటన్నానని కూడా నాకు తెలియలేదు. మామ కాసేపు చేతులు చూసుకుని, "మంచిగనే ఉన్నది బిడ్డా. శాన సాఫ్‌గ ఉన్నది" అని లేచి ముందు గదిలోకి వెళ్లాడు. కొంచెంసేపటికి మగ్గం చప్పుడు వినపడింది. అమావాస్యనాడు మగ్గం! చాపల మీద ఉన్నవాళ్లందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గౌరక్క నోట్లో బొరుగులు అలాగే ఉండిపోయాయి.

మా ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "పాత సీడీ ఏడున్నది?"

"ఎందుకు?"

"గా అరిసేటామె మా అమ్మ."

"ఏందీ?"

"నీకు తెల్వదా?"

"నాకెవరు జెప్పిండ్రు?"

"చెప్పుడేంది, వాడకట్టంతకు తెలుసు. ఏం గౌరక్కా?"

"హౌదు, అందరికి తెలుసు" అంది గౌరక్క, బొరుగులు మింగి.

ఫోన్లలో గొంతులు దాచుకునే రోజులకు ముందే అత్త పోయింది. ఆమె గొంతు ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క చోటే. ఆ ఒక్క అరుపులోనే. దాన్ని నేను దారం కట్టి చిలకల మీదికి పంపాను.

సిగ్గుతో చచ్చిపోయానంటే అబద్ధం, చచ్చిపోతే బాగుండుననిపించింది. ఆ పూటంతా మగ్గం చప్పుడు వింటూ వంటింట్లో కూర్చున్నాను. ఒకటే ఆలోచన. ఎక్కడో ఏసీ గదిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ సినిమాను శుభ్రం చేసినతను తప్పేమీ చేయలేదు. ఏడుపు మధ్యలో ఎవరో అరిచారు, తీసేశాడు. నేనైనా తీసేసేదాన్నే. అతని చెవికి అది చప్పుడు. మామకు అదే సినిమా, దాని ముందూ వెనకా ఉన్న మూడు గంటలే చప్పుడు. ఇన్నేళ్లూ ఆయన ఆ మూడు గంటలూ ఓపిగ్గా కూర్చున్నది ఆ ఒక్క అరుపు కోసం. నేను ఆయన కోసం మూడు గంటలూ మెరుగుపెట్టి ఆ ఒక్కటీ పారేశాను.

మర్నాడు మామా నేనూ పాన్‌గల్ బస్సెక్కాం. వద్దన్నా వినకుండా వచ్చాడాయన. దారిలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పొలం దగ్గర శీను ఎదురొచ్చాడు. పువ్వు మీద నుంచి అడ్డంగా నిలువుగా దారాలు, దారాలనిండా సీడీలు. గాలికి గిరగిరా తిరుగుతూ కళ్లల్లో కొడుతున్నాయి.

"మామ సినిమా ఏదిరా?"

"నాకేం తెల్సక్కా? ఎండకు రంగంత పోయింది, అన్ని తెల్లగ అయినయి. కానీ శాన మంచిగ పనిజేస్తున్నయి. గా మూలకు సూడు, అమ్మ దగ్గరున్న నీ పెండ్లి సీడీ. దానికైతే ఒక్క చిలక గూడ దగ్గరికి రాలె!"

తమ్ముణ్ణి తన్నడానికి అది సమయం కాదు కాబట్టి వదిలేశాను. ఒక్కొక్క దారం తెంపి ఇస్తుంటే మామ ఒక్కొక్క సీడీనీ తువ్వాలతో తుడిచి సంచీలో వేసుకున్నాడు. ఆ ఎండలో, పువ్వు నడుమ నిలబడి, ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"పెండ్లయి నెల గూడ కాలె గప్పుడు. మీ అత్త నాతోని ఒక్క మాట మాట్లాడకపోయేది. శిగ్గు. అన్నం దినమని పిలవాల్నంటే గిన్నె చప్పుడు జేసేది, గంతే. శ్రీరంగాపూర్ల షూటింగ్ అంటే అందరం బోయినం. నేను ముందట నిలవడి నోరు దెర్సుకొని ఆ పిల్లను సూస్తున్న. ఎనకకెల్లి ఒక్క అరుపు అరిసింది. ఎవరామె అని మళ్లి సూస్తే మీ అత్త. నాతోని మాట్లాడిన తొలి మాట గదే, బిడ్డా."

సినిమావాళ్లు మిగతా అన్నిచోట్లా గొంతులు తరువాత స్టూడియోలో చెప్పించుకున్నారట, ఎందుకో ఆ ఏడుపుకు మాత్రం చెరువుగట్టు మీద పట్టిన శబ్దాన్నే ఉంచారు. మళ్లీ అంత బాగా ఏడుపు రాలేదేమో. నేను పువ్వుల చాటుకు తిరిగి ముక్కు చీదుకున్నాను. శీను కూడా తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. వాడిది చెమటేనట.

ఇంటికొచ్చి పాత ప్లేయర్ దులిపి ఒక్కొక్కటీ పెట్టాం. మొదటిది భక్తి పాటలు. రెండోది పత్తికి మందు కొట్టే పద్ధతి. మూడోదాంట్లో నా పెళ్లి వచ్చింది, నన్ను నేనే చూడలేక తీసేశాను. చిలకల తప్పేమీ లేదు. తరువాతదానిలో చిటపటమంటూ ఆవాలు వేగాయి. బిందెలోంచి హీరో మాట్లాడాడు. జన్మలో ఆ గరగర విని నేనంత సంతోషపడతానని అనుకోలేదు.

చెరువుగట్టు వచ్చింది. మామ చాప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమయ్యో, జర పక్కకు జరుగు!"

సీడీకి పొలంలో పడ్డ గీత సరిగ్గా అక్కడే తగిలింది. సీడీ ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. "జరుగు! జరుగు! జరుగు! జరుగు!" ఇల్లంతా అత్త గొంతు. నేను కంగారుగా ప్లేయర్ దగ్గరికి ఉరికాను.

"ముట్టకు బిడ్డా" అన్నాడు మామ.

"ఖరాబైంది మామా, ఒక్కటే మాట..."

"కాలె. గట్లనే జెప్పేది. ఒక్కపారి జెప్తె నేను ఎన్నడిన్న?"

కళ్లు తెరవకుండానే, చాప మీద మెల్లగా పక్కకు జరిగాడు. ఒక మనిషి కూర్చునేంత చోటు విడిచాడు.

"జరిగిన, జరిగిన" అన్నాడు నవ్వుతూ. "ఇగ సూడు."

ఇప్పుడు అమావాస్యకు మా ఇంట్లో సినిమా అంతవరకే ఆడుతుంది. కొత్త డిస్కును శీనుకు ఇచ్చేశాను. మరీ శుభ్రంగా మెరుస్తుండటంతో చిలకలు అందులో ముఖం చూసుకుని పోతున్నాయట, బెదరడం లేదట.

అందుచేత, నాలుగు దిక్కులా పెట్టిన నా స్పీకర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ఇంట్లో ఇకమీదట ఏ గరగరనూ, ఏ కిరకిరనూ, వంటింటి తలుపు మూలుగును సైతం, అది ఎవరి గొంతో వాడకట్టంతా తిరిగి కనుక్కోకుండా బాగుచేయను. మా ఆయన గురకతో సహా.