గోడ పొరల్లో మనుషులు

ఇళ్లకు రంగులు వేసే మేస్త్రికి ముగ్గురు కూతుళ్లు. నడిమిదానికి పదహారేళ్లప్పుడు ఆయన నిచ్చెన మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఒప్పుకున్న పనులేమో మెడ మీదున్నాయి. నడిమిది తలకు గుడ్డ చుట్టుకుని, పాత రంగు గీకే రేకు పట్టుకుని పనిలోకి దిగింది. తండ్రి కింద కుర్చీలో కూర్చుని నోటితో పని చేయించేవాడు.

రంగు పనిలో అందరి కంటికీ ఆనేది పైపూత. గీకడమంటే నోట్లో ముక్కులో దుమ్ము. ఎవరికీ గిట్టదు, కొత్తవాళ్ల నెత్తిన రుద్దుతారు. ఈ పిల్లకు మాత్రం అదే రుచించింది. పసుపు కింద నీలం, నీలం కింద గులాబీ, అన్నిటి కింద సున్నం. ఏ పొర దగ్గర చెయ్యి ఆపితే ఆ రంగు మిగులుతుంది. కొన్నాళ్లకు రేకు చప్పుడు విని, కింద ఉన్నది నూనె రంగో నీళ్ల రంగో చెప్పేసేది. పనివాళ్లు ‘గీకుడుపిల్ల’ అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

మూతబడిన కాన్పుల ఆసుపత్రి ఒకదాన్ని ఆఫీసుగా మారుస్తూ ఆ పని మేస్త్రికి ఇచ్చారు. అందరూ భోజనానికి కూర్చున్న వేళ ఆమె ఒక్కతే గోడ దగ్గర ఉండిపోయింది. గంటలో, గీకిన పొరల్లోంచి, బల్ల మీద కూర్చున్న ఓ నిండు గర్భిణి బొమ్మ తేలింది. ముఖం లేతపచ్చ, పొట్ట మీద చెయ్యి మీగడ రంగు. తాళాలు అప్పగించడానికి వచ్చిన రిటైరైన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఈ పచ్చరంగు నేను డ్యూటీలో చేరిన ఏడు వేశారమ్మా. ఇక్కడే కూర్చునేవాళ్లు, అచ్చం ఇలాగే” అంది. తాళాలు చేతిలో ఉండగానే గోడ దగ్గరికి నడిచింది.

మర్నాడు తండ్రి చేతికర్ర ఊతంతో నిలబడి, తనే బ్రష్షు తీసుకుని ఆ బొమ్మ మీద తెల్లరంగు వేశాడు. కూతురు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోనాడు ఆయనే కదిపాడు.

“గోడ వాళ్లది, బొమ్మ నీది. రెండూ ఒకచోట ఉండాలంటే ముందు వాళ్లనడగాలి కదే తల్లీ.”

ఆమెకు మండింది గానీ, మాట తలకెక్కింది. అప్పటినుంచి అడగకుండా ఒక్క గోడ గీకలేదు.

అడిగితే ఎవరిస్తారు? కూలగొట్టబోయే ఇళ్లవాళ్లు ఇచ్చారు. సామాను లారీకెక్కాక, పలుగులు దిగేలోపు రెండు మూడు రోజులు దొరికేవి. ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఏ గదికి ఏ రంగు ఎందుకు వేశారో చెప్పించుకునేది. తర్వాత ఆ పొరల్లోంచే వాళ్లను బయటికి తీసేది. వాళ్లు చూసుకునేవారు, కొందరు ఏడ్చేవారు, ఆనక గోడ కూలేది.

“కూలే గోడకు ముస్తాబెందుకే? పోనీ ఫోటో అయినా తీసి పెట్టుకో” అని అక్క పోరేది.

“ఉన్నన్నాళ్లు చూసినవాళ్లున్నారుగా అక్కా.”

“నీతో వాదించడం కంటే గోడతో వాదించడం నయం.”

“అందుకే నేను దానితోనే మాట్లాడతా.”

అలా ఇరవై రెండేళ్లు గడిచాయి. పొద్దున ఇళ్లకు రంగులు, సందు దొరికితే ఈ పని. కూలిపోయిన ఇళ్లవాళ్లు ఒకరికొకరు చెప్పుకోగా చెప్పుకోగా, ఆ కబురు బొమ్మల ప్రదర్శనశాల మేనేజరమ్మ చెవిన పడింది. ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

“మీకోసం హాల్లో కొత్త గోడ కట్టిస్తాం. ఏ రంగులు కావాలంటే ఆ రంగులు పొరలుగా వేయిస్తాం” అంది.

“వద్దండీ. నాకోసం వేసిన పొరలో ఎవరుంటారు?”

“మా గోడలన్నీ తెలుపేనండీ మరి.”

“మీ సామాన్ల గది చూపిస్తారా?”

హాలు వెనక విరిగిన ఫ్రేములు పడేసిన ఇరుకు గది అది. ఏడు తెల్ల పొరలు గీకింది. ఎనిమిదోది కళ్లు చెదిరే గులాబీ. అదీ చేయి తిరిగినవాళ్లు వేసింది కాదు, గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. వాకబు చేస్తే, ఒకప్పుడు అందులో కావలిమనిషి భార్యతో కాపురం ఉండేవాడని తేలింది. ఇప్పుడు ముసలివాడైన ఆయన్ని వెతికి పిలిపించారు.

“మా ఆవిడ వేసిందండీ. ఎక్కడో మిగిలిన రంగు అడిగి తెచ్చుకుంది. ఈ గుహకు రంగొకటా అని నేను వెక్కిరించా” అన్నాడాయన. భార్య పోయి పదకొండేళ్లయిందట.

ఆమె ఎలా కూర్చునేది, జుట్టెలా ముడేసేది, నవ్వితే బుగ్గ ఏ వైపు సొట్టపడేది, అన్నీ అడిగి తెలుసుకుంది గీకుడుపిల్ల. తొమ్మిది రోజులు పట్టింది. తెలుపులోంచి గులాబీగా ఆ ఇల్లాలు బయటపడింది, చేతిలో బ్రష్షుతో. ముసలాయన చూసి, “అదే” అన్నాడు. అంతే. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

ప్రదర్శన మొదలయ్యాక పెద్ద హాల్లో ఖరీదైన బొమ్మలు బిక్కమొహాలు వేసుకుని నిలబడితే, జనం సామాన్ల గది ముందు వరస కట్టారు. గోడను కోసి తీసుకెళ్తామని పెద్ద పెద్దవాళ్లు అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. కట్టడం ఉన్నంతకాలం దాన్ని అలాగే వదిలేయాలని, ముసలాయనకు ఎప్పుడంటే అప్పుడు తలుపు తీయాలని కాగితం రాయించుకుంది.

ఆఖరి వారంలో తండ్రిని ఆటోలో తీసుకొచ్చింది. ఆయన గోడకు ముక్కు ఆనించి, అంచుల వెంట వేలు పోనిచ్చి చూశాడు.

“ఎక్కడా పెచ్చు లేవలేదు. నాకీ చెయ్యి లేదే” అన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ల కూతురు చిన్నపిల్లలా తల దించుకుంది. కుర్చీ తెచ్చి వేస్తే, ఆయన వద్దని, వరసలో వెనకున్నవాళ్లకు అడ్డు తొలగి గోడవార నిలబడ్డాడు.