నాలుగు బొటనవేళ్ల పువ్వు

మా చిన్నప్పుడు కర్దనూర్‌లో డిసెంబర్ వచ్చిందంటే మా అమ్మకు కూరకు నిండు బెండకాయ ఒక్కటి దొరికేది కాదు... అన్నిటి తొడిమలూ మా స్వరూపక్క ముందే కోసేసేది. కోసిన వైపు స్టాంపు ప్యాడ్ మీద అద్ది అట్టమీద గుద్దితే అంచు పొడవునా చిన్న చిన్న పూలు పడేవి. కొత్త సంవత్సరం గ్రీటింగ్ కార్డులన్నమాట. ఈ పిల్ల పాలబడితే ఇంట్లో కూరగాయ కూడా మిగలదని అమ్మ సణిగేది. సణుగుతూనే ఇంకో బెండకాయ అందించేది.

నాయన గడ్డపోతారంలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. మాత్రల డబ్బాలు చేయగా మిగిలిన తెల్ల అట్టముక్కలు అడిగి తెచ్చేవాడు. అక్క తువ్వాలు మడిచి పరిచి, దాని మీద అట్టను బోర్లా పెట్టి, ఎండిపోయిన రీఫిల్‌తో వెనక నుంచి నొక్కి గీసేది. తిప్పి చూస్తే ముందువైపు కాడ, ఆకులు ఉబ్బి ఉండేవి. మేం కళ్లు మూసుకుని వేలితో తడుముతూ మురిసిపోయేవాళ్లం.

ఆకాశం అద్దడం నా పని. పాత దిండులోని స్పంజి ముక్కకు సిరా అంటించి గుండ్రంగా రుద్దాలి. నీలం ఎక్కడ అయిపోయిందో, ఎరుపు ఎక్కడ మొదలైందో తెలియకూడదు. తెలిస్తే అక్క నెత్తిన ఒకటి మొట్టి మళ్లీ చేయించేది. మహా మొండిది!

అన్నీ అయ్యాక చివరికి కాడ మీద పువ్వు... నాలుగు రేకులు, నాలుగు బొటనవేళ్లు. పైన నాయనది, ఎడమవైపు అమ్మది, కుడివైపు అక్కది, కింద కాడ కొసన నాది. ఏళ్ల తరబడి మందు పొడులు పట్టి నాయన వేలి గీతలు అరిగిపోయాయి. ఆయన రేకు నున్నగా పడేది. అమ్మ రేకులో కొడవలి తెగిన గాటు అడ్డంగా కనిపించేది. కింద పేర్లు రాయొద్దా అని అడిగితే, మనమే ఉన్నాం కదా, మళ్లీ పేర్లెందుకు అనేది అక్క.

చేసిన కార్డులన్నీ పంచేసేవాళ్లం. హత్నూరలో మా మేనత్తకు ఒకటి, మామయ్యకు ఒకటి, బడిలో టీచరుకు ఒకటి... కార్డంటే ఇచ్చేదే కదా. ఇంట్లో ఎవరు దాచుకుంటారు?

ఒక వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. సంగారెడ్డి దవాఖానకు, అక్కణ్నుంచి పట్నానికి తీసుకుపోయారు. బతికించుకోలేకపోయాం. అప్పుడు నేను ఏడో తరగతి.

ఆ డిసెంబర్‌లో నాయన అలవాటు కొద్దీ అట్టముక్కలు తెచ్చాడు. గూట్లో పెట్టబోతూ గుర్తొచ్చి, అవి చేతిలో పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను.

అక్క చేసింది ఒక్కటైనా మన దగ్గర ఉందా అని అమ్మ అడిగింది. ఇల్లంతా వెతికాం. లేదు. అక్క బట్టలు, పుస్తకాలు అప్పటికే ఎవరెవరికో ఇచ్చేశారు. ఫోటో ఉంది కదా అన్నాడు నాయన.

"ఫోటోల మొఖమే ఉంటది. నాకు దాని చెయ్యి గావాలె," అంది అమ్మ.

మామయ్య ఇంట్లో పిల్లలు ఎప్పుడో చింపేశారు. టీచరు బదిలీ అయి వెళ్లిపోయింది. ఇక హత్నూర బస్సెక్కాం. అత్త మా కార్డును అల్మారీ తలుపుకు మైదాపిండి ఉడికించి అంటించింది. నలుగురికీ కనబడాలని పెట్టింది పాపం. అమ్మ గోరుతో లేపబోతే మూల చిరిగింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గీకకు వదినా... తలుపే తీస్కపో," అంది అత్త.

అత్త భర్త వెంటనే మరలు విప్పాడు. ఆ తలుపును బస్సు మీదికెక్కించి తెచ్చుకున్నాం. ఏంటది అని కండక్టర్ అడిగితే నాయన దానికీ ఒక టికెట్టు కొట్టమన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను ఆ పువ్వు ముందు కూర్చోబెట్టి, "ఇండ్ల నా బిడ్డది ఏది? జెర సూసి చెప్పు," అంది. నాయనదీ తనదీ ఆమెకు తెలుసు. మిగిలిన రెండూ ఒకే లావు. ఎవరి వేలు ఎటువైపో ఆ క్షణాన నాకు కచ్చితంగా గుర్తు రాలేదు. ఊహించి చెప్పే ధైర్యం లేదు. నా వేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తి, తలుపునూ దాన్నీ వాకిట్లో ఎండలో పక్కపక్కన పెట్టి గీతకు గీత పోల్చి చూశాను. కాడ కొసన ఉన్నది నాది. అంటే కుడివైపుది అక్కది. చూపించగానే అమ్మ ఆ రేకు మీద తన బొటనవేలు ఆనించింది.

ఇప్పుడు జనవరి ఒకటి వస్తే నా ఫోన్ నిండా శుభాకాంక్షల బొమ్మలే... పది మంది దగ్గర్నుంచి అదే గులాబీ. సాయంత్రానికి అన్నీ తీసేస్తాను. ఏ ఒక్కదానికీ ఎవరి చెయ్యీ తగిలి ఉండదు. మీ వాళ్లు చేత్తో చేసినవి మీ ఇంట్లో ఏమున్నాయో కింద రాయండి. లేకపోతే, ఇచ్చిన వాళ్లనైనా అడిగి చూడండి.

నాయన పోయి కొన్నేళ్లయింది. అమ్మ పటాన్‌చెరులో నా దగ్గరే ఉంటుంది, ఆ తలుపూ మాతోనే ఉంది. అమ్మకు చూపు బాగా తగ్గింది. రోజూ పొద్దున ఉబ్బిన కాడను వేలితో తడుముకుంటూ పైకి వెళ్లి, కాడ అయిపోయిన చోట మొదటి రేకు మీద ఆగి, "స్వరూపా" అంటుంది. అది నాది. నేను చెప్పను... కుడివైపు రేకు మీద నా వేలు పెట్టి ఆమెతో పాటు కాసేపు నిలబడతాను.