‘అట’ ఉన్న రెండు భాషలు

బల్గేరియన్ నేర్చుకోవాలా, టర్కిష్ నేర్చుకోవాలా అని ఎవరైనా నన్ను అడిగితే ముందు వాళ్ళ మెడ ఎటు తిరుగుతుందో చూస్తాను. వేళాకోళానికి అనడం లేదు. మెడ కారణంగా నేను ఒక రాత్రంతా కుమిలిపోయాను.

డెబ్భైల చివర ఇల్లినాయ్‌లో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీ ఊళ్ళో మా ఆయనకు ఉద్యోగం. నేను లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. డిగ్రీ రావాలంటే ఒక పరాయి భాషలో మౌఖిక పరీక్ష పాసవ్వాలి. తెలుగు, హిందీ లెక్కలోకి రావన్నారు. ఫ్రెంచి క్లాసు నిండిపోయింది. మిగిలినవి ఈ రెండే, రెండూ చెప్పేది ఒక్కావిడే. వసంతంలోగా పాసైతే లైబ్రరీలో ఉద్యోగం ఇస్తామన్నారు. లేకపోతే ఇంట్లో కూర్చుని కిటికీలోంచి మంచు చూడటమే నా పని.

ఆ టీచరుకు అరవై దాటాయి. పుట్టింది బల్గేరియాలో, ఇంట్లో మాట్లాడింది టర్కిష్. రెండు వారాలు రెండు క్లాసుల్లోనూ కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోమంది.

బల్గేరియన్ లిపి వారంలో వచ్చేసింది. గుణింతాలు, ఒత్తులు దిద్దిన చేతికి ముప్ఫై అక్షరాలు ఒక లెక్కా? నామవాచకాలకు విభక్తుల బెడద కూడా లేదు. ‘క్నిగా’ అంటే పుస్తకం. చివర తోక తగిలించి ‘క్నిగాతా’ అంటే మనకు తెలిసిన ఆ పుస్తకం. హాయిగా ఉందనుకుంటుండగా క్రియలు వచ్చిపడ్డాయి. చదువుతూ ఉండటానికి ఒక క్రియ, చదివి ముగించడానికి ఇంకొకటి. బల్ల ఆడది, కుర్చీ మగది! ఆ బల్లను ఏ గుర్తుతో ఆడదన్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

అన్నిటికీ మించి తల. బల్గేరియన్లు అవునంటే తల అడ్డంగా తిప్పుతారు, కాదంటే నిలువుగా ఊపుతారు. నేనేమో అర్థమైందని చెప్పడానికి మనవాళ్ళలా తలను రెండు భుజాల వైపూ వాల్చేదాన్ని.

“అది అవునా, కాదా?” అంది టీచరు.

“సరేనండీ అని,” అన్నాను.

“నా రెండు భాషల్లోనూ అది లేదు,” అని నవ్వింది.

టర్కిష్ క్లాసులో మాత్రం పుట్టింటికి వచ్చినట్టయింది. క్రియ బుద్ధిగా వాక్యం చివర కూర్చుంటుంది. ఆడా మగా గొడవ లేదు. ‘ఎవ్’ ఇల్లు, ‘ఎవ్‌లెర్’ ఇళ్ళు, ‘ఎవ్‌లెర్‌దె’ ఇళ్ళలో. ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోవడమే. మనం గదికి, ఊరుకు అంటూ ముందున్న అచ్చును బట్టి ప్రత్యయాన్ని మార్చుకుంటామే, వాళ్ళదీ అదే అలవాటు. మాటలు మాత్రం కంఠతా పట్టాల్సిందే. ‘కితాప్’ అంటే పుస్తకం, మన కితాబులా మెచ్చుకోలు కాదు. నేను టర్కిష్‌కే ఓటు వేశాను.

ఒకరోజు ఇంటి కథ ఏదైనా చెప్పమంటే మా అమ్మమ్మ పెళ్ళి ఎత్తుకున్నాను. పందిరి కూలింది, అన్నాను. టీచరు తల వెనక్కి ఎగరేసి నాలుకతో ‘చ్చ్’ అంది. పాపం, జాలిపడుతోందనుకుని వాన కూడా కురిపించాను. మళ్ళీ ‘చ్చ్’ అంది. ఇంకా రెచ్చిపోయి విస్తళ్ళు కొట్టుకుపోయేలా చేశాను.

“ఆపు! టర్కిష్‌లో ‘చ్చ్’ అంటే కాదు అని. ఆ పెళ్ళి నువ్వు చూశావా?”

“ఎలా చూస్తానండీ? అప్పటికి మా అమ్మే పుట్టలేదు.”

“మరి చూసినట్టు చెబుతావేం? కళ్ళారా చూస్తే ‘గెల్‌దీ’, వచ్చాడు. ఎవరో చెబితే ‘గెల్‌మిష్’.”

“వచ్చాడట!” అని తెలుగులో అరిచాను. టీచరుకు నా ‘అట’ తెగ నచ్చింది. బల్గేరియన్‌లోనూ అలాంటిది ఉందని, చెప్పగా విన్నదానికి వాళ్ళ క్రియా వేరే వేషం వేస్తుందని చెప్పింది. ఇంగ్లీషులో పదేళ్ళుగా ‘అట’ లేకుండా ఎలా బతికానో అనిపించింది.

పరీక్షలో ఆవిడ అడిగింది ఒకటే: మీ అమ్మ గురించి చెప్పు.

నాకు ఎనిమిది నెలలప్పుడు మా అమ్మ పోయింది. పెంచింది పెద్దమ్మ. చర్చిలో అమ్మ పాటలు పాడేది అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఇంగ్లీషులో ఎన్నోసార్లు ఎంతోమందికి ఆ మాట గడగడా చెప్పాను. ఇక్కడ కుదరలేదు. పాడేదట, అని దిద్దుకున్నాను. పొడుగ్గా ఉండేదట. నవ్వితే ఆపుకోలేకపోయేదట. నాకు తెలిసిన అమ్మంతా అటలేనని అప్పుడే తెలిసింది. దుఃఖం ఆగలేదు, ఏడ్చేశాను.

టీచరు కళ్ళజోడు తీసి, నన్నే చూస్తూ తల అడ్డంగా తిప్పింది.

బయట కారులో మా ఆయన ఉన్నారు. “ఏమైంది? బాగా చేశావా?”

“ఫెయిలయ్యానండీ. ఆవిడ తల అడ్డంగా తిప్పేసింది.”

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. మర్నాడు వెళ్ళి చూస్తే తలుపు మీద అంటించిన జాబితాలో నా పేరు పక్కన పాస్ అని ఉంది! పరుగున వెళ్ళి టీచరును నిలదీశాను.

“తిప్పానా?” అని ఆవిడ సిగ్గుపడింది. “టర్కిష్ క్లాసులో జాగ్రత్తగానే ఉంటాను. నిన్న మాత్రం నా మెడ మా ఊరు వెళ్ళిపోయింది.”

కాబట్టి తొందరగా మాట్లాడాలంటే టర్కిష్ తీసుకోండి, క్రియలతో కుస్తీ పట్టే ఓపిక ఉంటే బల్గేరియన్. ‘అట’ రెండిట్లోనూ దొరుకుతుంది.

నేను మాత్రం ఆ సాయంత్రమే గుంటూరుకు ఉత్తరం రాశాను. పెద్దమ్మా, పరీక్ష పాసయ్యాను, అమ్మ ఏమేం పాటలు పాడేదట అని. నెల తర్వాత రెండు పేజీల జవాబు వచ్చింది. ఇది పాడేది, అది పాడేది, చరణం మరిచిపోతే పక్కనున్న నన్ను గిల్లేది అని పెద్దమ్మ రాసింది. మొత్తం వెతికాను, ఒక్క ‘అట’ కూడా లేదు. పెద్దమ్మ పక్కనే నిలబడి విన్నది కదా.