పేటా పట్టే బండి

కారు కొనడానికి బెంగుళూరు వెళ్ళిన రోజు నా చేతిసంచిలో ఒక పేటా ఉంది. పేటా అంటే మా హోసూరు వైపు పెళ్ళికొడుకు తలకు పెట్టే జరీ తలపాగా. అది మా ఆయనది, మా పెళ్ళి నాటిది. ఆయన పోయాక ఆయన వస్తువులన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను గాని, పేటాను ఎవరు అడుగుతారు? పెట్టె అడుగున అలాగే ఉండిపోయింది.

కారుకూ పేటాకూ ఏం సంబంధం అంటే, ముందు మా జీపు సంగతి చెప్పాలి.

తొంభైలలో, కెలవరపల్లి ఆనకట్టకు ఇవతల ఉన్న మా ఊళ్ళో నాలుగు చక్రాల బండి ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. పాత డీజిల్ జీపు. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే మా వసారా ఖాళీగా ఉండేది కాదు. పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టుకుని వచ్చి బండి అడగడం మా వైపు పద్ధతి. వచ్చినవాళ్ళు ఊరికే అడిగి వెళ్ళిపోతారా? చాప మీద కూర్చుంటారు. సంబంధం ఎలా కుదిరిందో, మధ్యలో ఎవరు పుల్ల పెట్టారో, పిల్లవాడి మేనత్త ఎందుకు అలిగిందో మొదటినుంచీ చెబుతారు. నేను కాఫీలు పెట్టి పెట్టి విసుక్కునేదాన్ని. "జీపులోకి డీజిలు వాళ్ళు పోస్తారు, నా పొయ్యిలో ఎవరు పోస్తారు?" అని ఆయనను దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పోయాడు. జీపు పాత ఇనుము కింద పోయింది. మాకు పిల్లలు లేరు. ఆ తర్వాత మా వాకిలి పొద్దున ఊడ్చింది ఊడ్చినట్టే సాయంత్రం దాకా ఉండేది. తొక్కేవాళ్ళు లేరు. వాకిలి అంత శుభ్రంగా ఉంటే ఎంత భయం వేస్తుందో నాకు అప్పుడు తెలిసింది.

రెండువేలు దాటాక మూకండపల్లి నుంచి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే జరుగుతూ మా చేల దాకా వచ్చాయి. రోడ్డు పక్క చేను అమ్మాల్సి వచ్చింది. చేతిలోకి డబ్బు రాగానే సలహాలూ వచ్చాయి. మిద్దె కట్టమన్నారు, అద్దె ఇళ్ళు కట్టమన్నారు, కాశీకి పొమ్మన్నారు. నాకు కావలసింది మనుషులు. ఆ మాట పైకి అనడానికి సిగ్గేసి, కారు కొంటానన్నాను.

"కారు నువ్వు తోల్తావా వదినా?" అన్నాడు మా మరిది. ఆయన తమ్ముడు, మా వెనక వీధిలోనే కాపురం.

"నేనెందుకు తోలేది? డ్రైవరును పెట్టుకుంటాను. పెళ్ళిళ్ళకు ఇస్తాను."

మరిది నా ముఖం చూశాడు. వాడికి అర్థమైందనే అనుకుంటాను.

డ్రైవరును కారుకంటే ముందే పెట్టుకున్నాను. ఫ్యాక్టరీ బస్సు తోలి మానుకున్న మనిషి, మాట తక్కువ, మనిషి పొడుగు. అంత పొడుగు మనిషి పేటా పెట్టుకుని వెనక సీట్లో కూర్చోగలిగితే మా చుట్టుపక్కల ఏ పెళ్ళికొడుకైనా కూర్చోగలడు. అదీ నా లెక్క.

బెంగుళూరుకు మరిదీ డ్రైవరూ నాతో వచ్చారు. అక్కడ మొదట చూసింది జర్మనీ బండి. సినిమావాళ్ళూ మంత్రులూ దిగేది అందులోంచే. బర్గూరు గ్రానైటు షావుకార్లు కృష్ణగిరి కల్యాణమండపాల ముందు దిగేదీ అందులోంచే. నేను సంచిలోంచి పేటా తీసి డ్రైవరుకు ఇచ్చాను. పాపం, ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోయాడు. "పెట్టుకోప్పా, నీకేమీ పెళ్ళి చెయ్యను" అన్నాను. కారు అమ్మే అబ్బాయి టై సర్దుకుంటూ, ఎత్తూ వెడల్పూ అన్నీ కాగితంలో ఉన్నాయి మేడమ్ అని కన్నడంలో చెప్పాడు. మీ కాగితంలో పేటా ఎత్తు ఉందా అని నేనూ కన్నడంలోనే అడిగాను. లేదన్నాడు.

డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. బండి పైకప్పు వెనక్కి వాలుగా ఉంది. పేటా కప్పుకు తగిలి కనుబొమల మీదికి జారింది.

తర్వాత చూసింది కొరియా బండి. కొత్తగా వచ్చింది. అదే పొడవు, అవే తోలు సీట్లు, అదే చల్లగాలి, ధర మాత్రం బాగా తక్కువ. డ్రైవరు పేటాతో దర్జాగా కూర్చున్నాడు. తలపైన ఇంకా జానెడు ఖాళీ.

మరిది ముఖం వెలిగిపోయింది. "పేటా పట్టె, కాళ్ళు పట్టె, మిగిలిన దుడ్డులో బోరు వేసుకోవచ్చు. ఇంకేం కావల్ల వదినా నీకు?"

"ఈ బండి యాడన్నా పెళ్ళికి పోయిండేది చూసినావా నువ్వు?"

"కొత్తది కదా, ఇంక పోతుంది."

"పోయినంక చూస్తాం."

తా వలచింది రంభ, తా మునిగింది గంగ. పేటా పట్టని బండినే కొన్నాను. పేరు తెలియని బండి కోసం ఎవడైనా ఆకూ వక్కా పట్టుకుని గడప ఎక్కుతాడా? ఊరు నోరు తెరిచి చూసే బండి కావాలి నాకు. వద్దన్న కొరియా బండిని మరిది తనే కొనుక్కున్నాడు, తన వాటా చేను అమ్మిన డబ్బుతో. దాన్ని చూసి నేను లోలోపల నవ్వుకున్నాను కూడా.

నేను అనుకున్నది తప్పలేదు. మాఘమాసం రాగానే పళ్ళేలు వచ్చాయి. మా ఊరివే కాదు, పక్క ఊళ్ళవీ వచ్చాయి. డికాషను పొద్దున్నే దించి పెట్టుకున్నాను. కొత్త చాప కూడా కొన్నాను.

వచ్చినవాళ్ళు కూర్చోలేదు. చెప్పులు గేటు బయటే విడిచి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. చిన్నప్పటినుంచీ నన్ను "ఏమ్మా, ఎట్లుండావు?" అన్నవాళ్ళు "మీరు" అనడం మొదలుపెట్టారు. కాఫీ అంటే "వద్దమ్మా, మీకెందుకు శ్రమ" అన్నారు. ఎన్ని గంటలకు రావాలి, ఎక్కడ తిప్పుకోవాలి అనే మాటలన్నీ డ్రైవరుతోనే. పిల్లవాడి మేనత్త అలిగిందో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. పళ్ళెం తెచ్చిన ఆడవాళ్ళు కారుకు బొట్టు పెట్టారు. నాకు నమస్కారం పెట్టారు.

అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మొగుడు పోయినదానికి బొట్టు పెట్టరు, పెళ్ళికూతురి పక్కన కూర్చోబెట్టరు. నా కారులో నాకు చోటు లేదన్న సంగతి కొనే ముందు నాకూ తెలుసు. అంతదాకా ఆలోచించలేదు, అంతే. పేటా పడుతుందా లేదా అని చూసినదాన్ని నేను పడతానా అని చూసుకోలేదు.

ఆ మాటకొస్తే అంతకుముందు నాకు పెళ్ళిళ్ళలో ఒక చోటు ఉండేది. మా వైపు పెళ్ళికి ఆడవాళ్ళు టెంపోలో వెళ్తారు. సరుకులు మోసే టెంపోనే, వెనక జంఖానా పరిచి అందరం ఎక్కేస్తాం. ఆ జంఖానా మీద ముత్తైదువ ఎవరో కాని వాళ్ళెవరో ఎవరూ చూడరు. ఒకరి మోకాలు ఇంకొకరి వీపులో గుచ్చుకుంటుంది. మా పక్కింటామె గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి, ఫ్యాక్టరీ క్యాంటీన్లో పని చేసేది. ఎప్పుడూ తనే ముందెక్కి, చెయ్యి ఇచ్చి నన్ను పైకి లాగేది. "రామ్మా, నువ్వు లేకుంటే పాట యాడిది?" అనేది. వియ్యపురాలిని ఆడిపోసుకునే పాటలకు నాది పెట్టింది పేరు. గొంతు బొంగురే గాని, ఎవరి వియ్యపురాలికి ఏ వంక అంటగట్టాలో నాకు బాగా తెలుసు.

కారు వచ్చాక మొదటి పెళ్ళి కృష్ణగిరిలో. తెల్లారకముందే డ్రైవరు కారు తీసుకుని వెళ్ళాడు, గులాబీలు కట్టాలని. నేను తలంటుకుని, పట్టుచీర కట్టుకుని వసారాలో నిలబడ్డాను. వీధి చివర పాట వినిపించింది. టెంపో వచ్చింది. నేను చెయ్యి ఎత్తాను. జంఖానా మీది ఆడవాళ్ళందరూ నన్ను చూసి సంతోషంగా చేతులు ఊపారు. టెంపో ఆగకుండా వెళ్ళిపోయింది.

కారున్న మనిషి కారులో వస్తుంది కదా అనుకున్నారు.

హోసూరు బస్టాండుకు నడిచి వెళ్ళి, కృష్ణగిరి బస్సు పట్టుకుని, పట్టుచీరతో ఆ జనంలో నిలబడి వెళ్ళాను. మండపం ముందు నా కారు పూలతో మెరిసిపోతోంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని దేన్ని చూసి అన్నారో గాని, నాకు సరిగ్గా సరిపోయింది. పక్కింటామె ఎదురొచ్చి, "అయ్యో, కారు పెళ్ళికూతురికి ఇస్తిరి కదా! మాకు తోచనే లేదు" అని నుదురు కొట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు మరిది కొరియా బండి చూశాను. ఐదుగురు పట్టేచోట తొమ్మిదిమంది, ఒళ్ళో పిల్లలు, కాళ్ళ దగ్గర అరటిగెల. అద్దం దించి, "వదినా, నువ్వు పెద్ద బండిలో వస్తావు కదా, జాగ్రత్త!" అని అరిచి వెళ్ళిపోయాడు. టెంపో అప్పటికే వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు.

సాయంత్రం కారు ఇంటికి వచ్చింది. వెనక సీటంతా పూలరేకులు, అక్షింతలు. డ్రైవరు దులపబోతే వద్దన్నాను. పెళ్ళివాళ్ళు నాకని పంపిన భోజనం క్యారియరు అతని చేతిలో ఉంది.

"పేటా కప్పుకు తగిలిందాప్పా?" అని అడిగాను.

"తీసి ఒళ్ళో పెట్టుకున్న్యాడమ్మా. పెళ్ళికూతురు దాన్ని పట్టుకుని ఒకటే నవ్వు."

అతను వెళ్ళాక కారెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. చాలా మెత్తని సీటు. తలుపు వేస్తే బయటి చప్పుడు ఒక్కటి కూడా వినపడదు. అందుకే ఆ బండికి అంత ధర అని ఆ అబ్బాయి చెప్పాడు. ఏడుపొచ్చింది. ఎవరికీ వినపడదు కదా అని గట్టిగానే ఏడ్చాను.

తర్వాతి పెళ్ళి బర్గూరు దగ్గర. ఈసారి మోసపోదలచుకోలేదు. పొద్దున్నే తయారై కారెక్కాను.

"యాడికమ్మా?" అన్నాడు డ్రైవరు. పెళ్ళికూతురి ఇంటికి నేను రాకూడదని అతనికీ తెలుసు.

"టెంపో నిలబడే చోటికి తోలు. నన్ను ఆడ దించి, నువ్వు పెళ్ళోళ్ళింటికి పో."

జంఖానా అప్పటికే నిండింది. అంత పెద్ద కారు వచ్చి పక్కన ఆగేసరికి పాట ఆగిపోయింది. నేను దిగి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చెయ్యి చాచాను. పక్కింటామె లేచి నిలబడింది గాని చెయ్యి ఇవ్వలేదు.

"అయ్యో, మీరు ఈడ యాడ కూసుంటారమ్మా? చీర నలిగిపోతాది. ముందర కూసోండి."

"నాకు ఈడే బాగుంటుంది. కొంచెం జరగండే."

"వద్దమ్మా, ఎవురన్నా చూస్తే మమ్మల్ని అంటారు." ఆమె తనే కిందికి దిగి, డ్రైవరు పక్క సీటును తన కొంగుతో తుడిచి, మీద కొత్త తువ్వాలు పరిచింది. అందరికంటే నన్ను ఎక్కువగా చూసే మనిషి ఆమె. ఆ తువ్వాలు తన మనవడి కోసం కొన్నదని తర్వాత తెలిసింది. నేను ఎక్కి కూర్చున్నాను.

టెంపో బయలుదేరింది. నా తల వెనక ఒక చిన్న అద్దం, దాని అవతల జంఖానా. కాసేపటికి పాట మళ్ళీ మొదలైంది. దారిలో వెనకనుంచి నా కారు వచ్చి మమ్మల్ని దాటింది. లోపల పెళ్ళికూతురు, ఆమె పక్కన ఎవరో ముత్తైదువ. నన్ను చూసి డ్రైవరు మర్యాదగా హారను కొట్టాడు.

వెనక వాళ్ళు వియ్యపురాలి ముక్కుపుడక దగ్గరికి వచ్చారు. ఆ పాట నాది. నాలుగో మాట దగ్గర వాళ్ళకు తోచక తడబడుతున్నారు. నాకు తెలుసు. అద్దం వైపు తిరిగి పైకే పాడాను. ఇంజను చప్పుడులో వాళ్ళకు వినపడలేదు. ఏదో ఒక మాట అతికించుకుని, పగలబడి నవ్వుకుని, ముందుకు వెళ్ళిపోయారు.

"ఏమన్నా అంటిరామ్మా?" అన్నాడు టెంపో డ్రైవరు.

"ఏం లేదప్పా. నువ్వు రోడ్డు చూసి తోలు."