అర్జీ పెట్టి తెచ్చుకున్న లాంతరు స్తంభం

మా వీధినంతా నట్టేట ముంచినవాడు ఎవడయ్యా అంటే నేనే. వరదలు, కరువులు, కలరాలు మా పేటకు చేయలేని పనిని నేను ఒక్క అర్జీతో చేశాను. అదీ అందమైన దస్తూరితో. కర్నూలు జిల్లాలో అది ఏ ఊరో మాత్రం చెప్పను. ఆ మునిసిపాలిటీ వాళ్లకు నా మీద ఇంకా కోపం తగ్గలేదు, నాకు వాళ్ల మీద అసలే తగ్గలేదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మగ్గం నేసే ఇళ్లలో ఫోర్తు ఫారం దాకా చదివినవాణ్ని నేనొక్కణ్నే. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని రోజుకొకసారి నేనే గుర్తుచేసేవాణ్ని. మా పేట ఊరి సరిహద్దు రాయికి అవతల ఉండేది. రాయికి ఇవతల మునిసిపాలిటీ, వీధి దీపాలు, కుళాయిలు. అవతల మేము, చీకటి, ఉప్పునీళ్ల బావి. రాయి దాటి దీపాల కిందుగా నడిచి వచ్చిన ప్రతిసారీ నాకు కడుపు మండిపోయేది. మేమేం పాపం చేశాం?

ఇళ్లవాళ్లందరూ కలిసి అర్జీ పెడితే పేటను మునిసిపాలిటీలో కలుపుకుంటారని తెలిసింది. ఇంకేముంది! మా ఇంటి అరుగు మీద కూర్చున్నాను. మా తాత బేతంచెర్ల నుంచి బండ్ల మీద బండలు తెప్పించి వేయించిన అరుగు అది. పేటలో అంత నున్నటి అరుగు ఇంకొకటి లేదు.

"ఏం రాస్తాండావురా అంత దీర్ఘంగా?" అని అమ్మ అడిగింది.

"మన పేటకు మంచికాలం రాస్తాండా."

"దానికి పన్ను కట్టల్లనా?"

"శానా తక్కువమ్మా. దీపం వచ్చాది, కుళాయి వచ్చాది. నువ్వు బిందె ఎత్తుకుని అంత దూరం పోయే పని ఉండదు."

అమ్మ నమ్మలేదు. కానీ ఆమె మోకాళ్లు నమ్మాయి. సరేనంది.

ఎదురింటి ఓబులేశు తాత మా వీధికి పెద్ద. ఆయన సరే అంటే అందరూ సరే అన్నట్టే. ఆయన అర్జీ మొత్తం చదివించుకుని విని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"అంతా బాగుండాదప్పా. మరి వీధి మనదే గదా?"

"మనది కాక ఇంకెవరిది తాతా!" అని పెద్దగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే నాలుగు తన్నుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే, తాతకు చదివి వినిపించాక, అర్జీ బరువుగా ఉండాలని చివర్లో నేనొక వాక్యం చేర్చాను: "వీధితో సహా మా పేటను తమ పరము చేయుచున్నాము." ఎవరడిగారు నన్ను? ఎవరూ అడగలేదు. దస్తూరి బాగుంది కదా అని చేయి ఆగలేదు. దాని కింద ఇంకొకటి. స్తంభం ఎవరింటి ముందు పాతాలని రెండు వరుసలవాళ్లూ తగువులాడుకోకుండా, "వీధికి నట్టనడుమ స్తంభము నాటించ ప్రార్థన" అని రాశాను. మా ఇంటికీ తాత ఇంటికీ సరిగ్గా మధ్యన. ఎంత న్యాయం చూడండి!

అందరూ వేలిముద్రలు వేశారు. వాటి కింద నా సంతకం ఒక్కటే సంతకం. చుట్టూ రెండు మెలికలు తిప్పి, కింద గీత కూడా గీశాను.

మునిసిపాలిటీలో కలిశాం. దీపం కంటే ముందు ఓవర్సీరు వచ్చాడు. గొలుసు పట్టుకుని ఇళ్లు కొలిచాడు. అరుగు కొలిచాడు, మేకల కొట్టం కొలిచాడు. నేను కాస్త జరిగి నిలబడకపోతే నన్నూ కొలిచేవాడేమో. పది రోజులకు ఆయనే చీటీలు తెచ్చాడు. ఇంటి పన్ను, దీపం పన్ను, నీటి పన్ను.

"కుళాయి యాడుండాది సామీ?" అని అమ్మే అడిగింది ఆయన్ను.

"పైపు మీ పేట దాకా వచ్చినాక పెడతాం."

"పైపు రాకముందే పన్ను ఎట్ల వచ్చె?"

"పన్ను రావడానికి పైపు అక్కర్లేదమ్మా," అన్నాడు ఆయన, చిన్నపిల్లకు చెప్పినట్టు.

అమ్మ నా వైపు చూసి, బిందె ఎత్తుకుని బావికి పోయింది. తిట్టినా బాగుండేది.

ఒక సాయంత్రం స్తంభం కూడా వచ్చింది. నేను కోరినట్టే నట్టనడుమ గొయ్యి తీసి, చుట్టూ రాతి దిమ్మె కట్టి, మొలలోతు పాతారు. పైన గాజు లాంతరు. వీధివాళ్లు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. "మా రంగప్ప చదువు ఊరికే పోలేదు" అన్నారు. నేను తల వంచుకుని వినయం నటించాను.

మరునాడు తెల్లవారింది.

మగ్గం నేసేవాళ్లకు వీధి అంటే నడిచే దారి కాదండీ, పని చేసే చోటు. చీర నేయాలంటే ముందు పడుగు కావాలి, అంటే నిలువు నూలు. దానికి గంజి పట్టించి, వీధి పొడవునా కర్రల మీద బిగించి లాగి, ఇద్దరు మనుషులు అటూ ఇటూ నడుస్తూ కుంచెతో దువ్వాలి. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. పొద్దెక్కేసరికి పడుగు చుట్టేస్తాం, వీధి ఖాళీ. నేను అర్జీ రాసింది మధ్యాహ్నం. నా కళ్లకు ఖాళీ వీధే కనబడింది. పుట్టినప్పటి నుంచి ఆ వీధిలో పడుగు దువ్విన వెధవను, నాకు పడుగే గుర్తు రాలేదు!

ఓబులేశు తాత కొడుకులు గంజి కారుతున్న పడుగును భుజాల మీద తెచ్చి విప్పారు. సగం దూరం వచ్చి ఆగిపోయారు. ఎదురుగా స్తంభం, పసుపు కుంకుమలతో.

"ఇదేందప్పా?" అన్నాడు పెద్దోడు.

"ఇట్ల పక్కకు జరపండి!" అని నేను అరిచాను. జరిపితే మా అరుగు తగిలింది.

"అయితే అట్ల!" అటు జరిపితే తాత ఇంటి గోడే.

"రెండు పాయలు చేసి, స్తంభానికి చెరో పక్క..."

"అది పడుగురా, నీ జుట్టు కాదు!" అని తాత కేక పెట్టాడు.

మేం ఇలా వాదించుకుంటుండగానే ఎండ వచ్చేసింది. రాయలసీమ ఎండ ఎవరికోసం ఆగుతుంది? గంజి బిగిసి పడుగు చాపలాగా అయింది. ముట్టుకుంటే నూలు పట్‌పట్‌మని తెగింది. నందికొట్కూరు సంతకు పోవలసిన చీరల నూలు అది. తాత దాన్ని చేతుల్లోకి తీసుకుని అక్కడే కూలబడ్డాడు. వీధి వీధంతా నా వైపు చూసింది. అందరివీ మగ్గాలే, అందరికీ కావలసింది ఆ వీధే. అది లేకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

నేనూ తాతా ఆఫీసుకు పరుగెత్తాం.

"స్తంభం పీకేదానికి కుదరదు," అన్నాడు ఓవర్సీరు. "అయినా వీధిలో నూలు పరిచేది ఏంది? అది మునిసిపాలిటీ రస్తా. అడ్డం పెడితే జుల్మానా."

"మా తాతలు మట్టి పోసి చదును చేసుకున్న వీధి సార్ అది!" అని నేను ఎగిరాను.

ఆయన తాపీగా నా అర్జీ తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "వీధితో సహా మా పేటను తమ పరము చేయుచున్నాము." తర్వాత మెచ్చుకోలుగా తలాడించి, "దస్తూరి శానా బాగుండాది," అన్నాడు.

"అయితే మా పేటను మళ్లీ బయటికి పంపించేయండి."

"లోపలికి వచ్చేదానికి అర్జీ ఉండాది. బయటికి పోయేదానికి లేదు."

ఇల్లు చేరాక తాత మా అరుగు ముందు నిలబడి, "ఇది తీస్తే స్తంభం పక్కన పడుగు పోయేదానికి జాగా వచ్చాది," అన్నాడు మెల్లగా. లోపలి నుంచి అమ్మ గడ్డపార తెచ్చి నా చేతికిచ్చింది.

"రాసిన చేత్తోనే తియ్యి," అంది.

తీశాను. మా తాత వేయించిన బండలు ఒక్కొక్కటే పెకలిస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పాను. మరునాడు పొద్దున్నే తాత కొత్త పడుగు స్తంభానికి పక్కగా, మా గడపను రాసుకుంటూ, నిటారుగా సాగింది. మేం దువ్వడం ముగించి చుట్టేశాక గానీ మునిసిపాలిటీ ఆఫీసు తలుపు తెరుచుకోదు. ఇక జుల్మానా ఎవడికి వేస్తారు? పేటంతా ఊపిరి పీల్చుకుంది.

వారం తిరక్కముందే బంట్రోతు కాగితం తెచ్చాడు. అనుమతి లేకుండా ఇంటి ముందు భాగం పడగొట్టినందుకు జుల్మానా. అరుగుకు ఈ ఏటి పన్ను మాత్రం యథాప్రకారం కట్టాలి. అరుగున్న జాగా ఇప్పుడు వీధిలో కలిసింది గనుక అది మునిసిపాలిటీ సొత్తు. ఇట్లు. కింద ముద్ర. ఆ ముద్ర మీద నా గుద్దు ఒకటి పడాలనిపించింది. లాంతరులో అప్పటి దాకా ఒక్క బొట్టు కిరసనాయిలు పోసిన పాపాన పోలేదు వాళ్లు!

ఆ వెలగని లాంతరు సాక్షిగా, కూర్చోవడానికి అరుగు కూడా లేక నిలబడే ఒట్టు వేసుకున్నాను. నా బొందిలో ప్రాణముండగా ఏ సర్కారుకూ అర్జీ రాయను. ఎవడైనా వెలుగు ఇస్తానంటే కళ్లు మూసుకుంటాను. చదువుకున్నానని చచ్చినా చెప్పను.

"కాగితం ముట్టినట్టు ఈడ సంతకం పెట్టప్పా," అన్నాడు బంట్రోతు.

అమ్మ గడపలో నిలబడి నన్నే చూస్తోంది.

"నాకు చదువు రాదన్నా," అని బొటనవేలు చాపాను.